శేషాచలం నడక: ముందు రాయి, తరవాతే చెట్టు

మాది ఎర్రగుంట్ల. కడప బండల వ్యాపారం, మా నాయన కాలం నుంచి అదే. గనిలో లేచిన నాపరాయిని కోయించి, పాలిష్ పట్టించి, లారీకెత్తి పంపడం నా పని. పాప కడపలో బీఎస్సీ బాటనీ చదువుతోంది. తిరుపతిలో ఒక చిన్న బృందం శని, ఆదివారాల్లో శేషాచలం కొండల్లో చెట్లూ రాళ్ళూ కలిపి చూపించే నడక పెడుతోందని తనే కనుక్కొని, ఇద్దరికీ బుక్ చేసింది. డిసెంబరులో వెళ్ళొచ్చాం. ఇట్లాంటివాటికి డబ్బు పెట్టొచ్చా అని అడిగేవాళ్ళు మా బంధువుల్లోనే చాలామంది ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మనిషికి 2,800 రూపాయలు. అందులో టెంపో, రెండు పూటల భోజనం, అటవీ శాఖ టికెట్లు, పర్మిషన్లు అన్నీ కలిసే ఉంటాయి. రాత్రి బస మాత్రం మనదే. బండికి పన్నెండు మందికి మించి ఎక్కించుకోరు. చూపించేవాళ్ళు ముగ్గురు: రిటైరైన భూగర్భశాస్త్రం మాస్టారు, బాటనీలో పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి, ఈ అడవుల్లోనే పుట్టి పెరిగిన ఒక యానాది పెద్దాయన. ఈ ముగ్గురినీ ఒకచోట చేర్చినందుకే నిర్వాహకులకు సగం మార్కులు వేస్తాను. మామూలుగా అడవికి తీసుకెళ్ళేవాళ్ళు చెట్టు పేరు చెప్తారు, దాని శాస్త్రీయ నామం చెప్తారు, మందుకు పనికొస్తుందో లేదో చెప్పి తరవాతి చెట్టు దగ్గరికి నడిపిస్తారు. వీళ్ళు మాత్రం మొదటి రెండు గంటలు ఒక్క చెట్టు గురించీ మాట్లాడలేదు.

శనివారం పొద్దున అలిపిరి దగ్గర నిలబెట్టి కొండను చూడమన్నారు. ఘాట్ రోడ్డులో బండి ఎక్కువసేపు ఆపనివ్వరు కాబట్టి మాస్టారు ముందే ఫోటోలు పెద్ద సైజులో ప్రింట్ తీయించి తెచ్చారు. కింద గ్రానైట్. దాని నెత్తిన గోడ కట్టినట్టు పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, అంటే ముదిరి గట్టిపడ్డ ఇసుకరాయి. రెండూ కలిసే చోట ఒక గీత. గ్రానైట్ వయసు 200 కోట్ల ఏళ్ళకు బాగా పైమాట. పైనున్న క్వార్ట్‌జైట్ సుమారు 160 కోట్ల ఏళ్ళది. మధ్యలో పదుల కోట్ల ఏళ్ళ కాలానికి ఇక్కడ ఏ రాయీ మిగల్లేదని, ఆ కాలమంతా గ్రానైట్ అరుగుతూ చదునవుతూ పోయిందని, ఆ తరవాత సముద్రం వచ్చి దాని మీద ఇసుక పరిచిందని చెప్పారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఈ గీతను జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. ఏటా కోట్ల మంది దీని పక్క నుంచే కొండెక్కుతారు. గోవింద నామం చెప్తూ తల పైకెత్తితే కనపడేంత దగ్గర్లో ఉంది.

ఆ ఇసుక పరుచుకునేటప్పటికి నేల మీద గడ్డిపోచ కూడా లేదు. మొక్కలు నేలకెక్కింది సుమారు 47 కోట్ల ఏళ్ళ కిందట, పూలు పూసే చెట్లు వచ్చింది ఇంకా చాలా తరవాత. అంటే చెట్టనేది పుట్టకముందే ఈ కొండ రాయి ముసలిదైపోయింది. మా వేంపల్లె వైపు డోలమైట్ అనే, సున్నపురాయి లాంటి రాళ్ళలో వంపులు వంపులుగా గీతలుంటాయి. అవి ఆ కాలపు సముద్రంలో పెరిగిన సూక్ష్మజీవుల పొరలని మాస్టారు చెప్తుంటే, మంగంపేట ముగ్గురాయి నుంచి బేతంచెర్ల బండ దాకా మా జిల్లాల్లో అమ్ముకునే రాయంతా ఒకే పాత సముద్రపు అడుగుల్లోంచి వచ్చిందన్న సంగతి నాకు మొదటిసారి ఒక్క ముక్కగా కనపడింది. దాన్ని కడప బేసిన్ అంటారు. నెలవంక ఆకారంలో, 44 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది.

పైకెళ్ళాక శిలాతోరణం. ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న ఆ తోరణం దగ్గర అందరూ ఫోటోలు దిగుతారు. మాస్టారు మమ్మల్ని పక్కకు తీసుకెళ్ళి, రాతి సందులో ఉన్న మట్టిని వేళ్ళతో తీసి అందరి అరచేతుల్లో కొంచెం కొంచెం పోశారు. గరగరలాడే ఇసుక.

"ఇది ఇసుకరాయి ముదిరి గట్టిపడ్డది. ఎంత ముదిరినా లోపలుండేది ఇసుకే. మళ్ళీ అరిగితే వచ్చేదీ ఇసుకే. దీంట్లో చెట్టుకు బలమిచ్చేదేముంది?" అన్నారు.

నాకు వెంటనే అర్థమైంది. నాపరాయి మీద బ్లేడు సాఫీగా దిగుతుంది. క్వార్ట్‌జైట్ మీద పెడితే బ్లేడే అరిగిపోతుంది. అంత మొండి రాయి మట్టిగా మారడానికి లక్షల ఏళ్ళు పడుతుంది, మారినా సారముండదు. గ్రానైట్ అట్లా కాదు. దాంట్లో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది, అది మెత్తబడి బంకమన్నవుతుంది, చెట్టుకు కావలసిన పొటాషియం వదులుతుంది, నీళ్ళు పట్టుకుంటుంది. అందుకే కొండ కింద పొలాలున్నాయి, కొండ మీద లేవు. నాగలి ఎక్కలేని చోటు కాబట్టే ఇక్కడి చెట్లు మిగిలాయి కూడా.

ఇక్కడి నుంచి మాట బాటనీ అమ్మాయి అందుకుంది. ఈ కొండల్లో 1500కు పైగా జాతుల మొక్కలున్నాయి. 2010లో శేషాచలాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, 4,755 చదరపు కిలోమీటర్లు. అందులో కొన్ని జాతులు ఈ కొండల్లోనూ, చుట్టుపక్కల వెలిగొండ, నల్లమల, లంకమల కొండల్లోనూ తప్ప ఇంకెక్కడా సహజంగా పెద్దగా కనపడవు. యానాది పెద్దాయన వాటిని వరసగా చూపిస్తూ వచ్చాడు: తెల్ల కరక, మొగి నేరేడు, కొండ సాంబ్రాణి, కొండ కొత్తిమీర. ఒక్కోదానికి ఆ అమ్మాయి శాస్త్రీయ నామం చెప్తుంటే పాప రాసుకుంది. కొండ సాంబ్రాణి రాతి వాలు మీద, మట్టి ఉందా అని సందేహం కలిగేచోట నిలబడి ఉంది. వేరు ఎక్కడికి పోయిందని అడిగాను. "పగులు వెంట పోతాది సార్. రాయి పైన ఎండిపోయినా పగుల్లో తేమ ఉంటాది" అన్నాడు పెద్దాయన. మాస్టారు దాన్నే ఇంకో రకంగా చెప్పారు. ఈ రాయి లోపల నీళ్ళు ఇంకవు గానీ పగుళ్ళు లోతుగా ఉంటాయి. వాన నీళ్ళు పగుళ్ళ వెంట దిగి, కింద నీళ్ళు దిగని పొర తగిలిన చోట పక్కకు ఊటగా వస్తాయి. తీర్థాల్లో ఎండాకాలం కూడా తడి ఉండేది ఇట్లాంటి చోట్లే.

గడ్డి వాలు మీద పేరిత చెట్లు చూపించారు. చిన్న ఈత చెట్టులా కనపడుతుంది గానీ దానికీ ఈతకూ ఏ బంధుత్వమూ లేదు. సైకాడ్ జాతి, అంటే పూలు పూయకుండా కంకులు వేసే పాత చెట్ల వంశం. సైకస్ బెడ్డోమి దీని పేరు, 1883లో శాస్త్ర ప్రపంచానికి తెలిసింది. దీని మగ కంకినే మదనకామాక్షి అని మందుకోసం అమ్ముతారు. అట్లా కోసుకుపోయీ పోయీ చెట్లు తగ్గాయి. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో అన్నిటికంటే కఠినమైన మొదటి పట్టికలో దీన్ని పెట్టారు. మొద్దు నల్లగా కాలి ఉన్నా పైన కొత్త ఆకులు వేసి ఉంది. అడవి నిప్పును తట్టుకుంటుందట.

ఇక్కడ ఒక ఫిర్యాదు ఉంది. బుక్ చేయగానే వీళ్ళు పంపే కరపత్రంలో "డైనోసార్లు తిన్న చెట్టును కళ్ళారా చూడండి" అని అచ్చు వేశారు. బాటనీ అమ్మాయి చెప్పింది దానికి వ్యతిరేకం, అది సరైనది కూడా. సైకాడ్ల వంశం డైనోసార్ల కంటే పాతదే. కానీ ఇప్పుడు బతికున్న సైకాడ్ జాతుల్లో ఎక్కువ భాగం గత 1.2 కోట్ల ఏళ్ళలోపు విడివడ్డవేనని 2011లో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది. వంశం పాతది, జాతి కొత్తది. భూమ్మీద చలి, ఎండ, వాన కాలాల పద్ధతి మారుతున్న రోజుల్లో మిగిలిన కొమ్మల నుంచి కొత్త చిగుళ్ళు వేసుకుంది. పడమటి కనుమల్లో ఒకటి, ఒడిశా వైపు ఒకటి, ఇక్కడ ఒకటి. డైనోసార్ కథ కంటే ఈ నిజమే నాకు గొప్పగా అనిపించింది. కరపత్రం మార్చాలి. పిల్లలను తీసుకొచ్చే స్కూళ్ళు దాన్నే చదివి వినిపిస్తాయి.

శనివారం మొత్తంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది తంబ చెట్టు. షోరియా టుంబగ్గాయియా. గుగ్గిలం చెట్టుకు దగ్గర చుట్టం. ఈ కుటుంబం చెట్లు ఇప్పుడు బోర్నియో, మలేసియా వాన అడవుల్లో ఆకాశమంత పెరుగుతాయి. అట్లాంటి కుటుంబంలోది మా ఎండల్లో, మా రాళ్ళలో ఏం చేస్తోంది? వీటి కాయకు రెక్కలుంటాయి. గాలికి గిరగిరా తిరుగుతూ పడుతుంది గానీ దూరం పోదు. ఎండితే గింజ చచ్చిపోతుంది, ఉప్పునీళ్ళలో బతకదు. అంటే సముద్రం దాటి రాలేదు, పోలేదు. నేలతో పాటే ప్రయాణం చేసి ఉండాలి.

ఆ అమ్మాయి నేల మీద పుల్లతో పటం గీసింది. ఆఫ్రికా, మడగాస్కర్, భారతదేశం ఒకప్పుడు ఒకే ముక్క. మడగాస్కర్ నుంచి మనం విడిపోయింది దాదాపు 9 కోట్ల ఏళ్ళ కిందట. ఉత్తరానికి జరుగుతూ వచ్చి, 5 కోట్ల ఏళ్ళ కిందటి ప్రాంతంలో ఆసియాను తాకాం. గుజరాత్‌లో సూరత్ దగ్గరి లిగ్నైట్ గనుల్లో 5 కోట్ల ఏళ్ళనాటి అంబర్, అంటే రాయిగా మారిన చెట్టు బంక, దొరికింది. 2010లో దాన్ని పరీక్షించి చూస్తే అది ఈ తంబ కుటుంబం చెట్ల బంకేనని తేలింది. ఈ కుటుంబం మన నేల మీదుగానే ఆగ్నేయ ఆసియాకు చేరిందని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు చెప్తున్నారు. అప్పుడు మన దేశం భూమధ్యరేఖ దగ్గర తడి అడవులతో ఉండేది. తరవాత హిమాలయాలు లేచాయి, రుతుపవనాల పద్ధతి వచ్చింది, ఏడాదిలో కొన్ని నెలలే వాన అయింది. తడి అడవి పడమటి కనుమలకు, లోయలకు పరిమితమైంది. తంబలాంటి కొన్ని మాత్రం ఆకు రాల్చడం, ఆకలికి ఓర్చుకోవడం నేర్చుకొని ఈ రాతి మీదే ఉండిపోయాయి. పెద్దాయన ఆ చెట్టు బెరడు మీద కారి గట్టిపడ్డ బంకను చూపించి, దీన్ని ధూపం వేస్తాం అన్నాడు. గుజరాత్ గనిలోదీ ఇదీ ఒకే కుటుంబం బంక. పాప దాన్ని ముట్టుకోకుండా ముక్కు దగ్గరకు పెట్టి చాలాసేపు వాసన చూసింది.

భోజనం గురించి చెప్పేది తక్కువే. శనివారం పులిహోర, పెరుగన్నం పొట్లాలు. ఆదివారం సంగటి, చెనక్కాయల ఊరిబిండి. బాగున్నాయి. టెంపో మొదటిరోజు గంట ఆలస్యంగా వచ్చింది, ఎండెక్కకముందు నడవాల్సిన దారి ఎండలో నడిచాం. పెద్దవయసు వాళ్ళకు అది కష్టమే.

ఆదివారం భాకరాపేట ఘాట్ వైపు. ఎర్రచందనం చూడటానికి. అటవీ శాఖ వాళ్ళు ఒకరు మాతోనే ఉన్నారు, బండి దిగిన చోటు నుంచి ఎక్కువ దూరం పోనివ్వలేదు. ఎందుకో అందరికీ తెలుసు. ఈ కట్టె కోసం ఎంతమంది జైళ్ళకు పోయారో, ఎంతమంది ప్రాణాలు పోయాయో మా జిల్లాల్లో పేపరు చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. మొసలి చర్మంలా పలకలు పలకలుగా చీలిన నల్లటి బెరడు, ఎక్కువగా మూడేసి ఆకులు. చేవ నీళ్ళలో మునుగుతుంది, అంత బరువు.

మా పాప అడిగిన ప్రశ్నకు ఈ రెండు రోజుల డబ్బంతా చెల్లిపోయిందని నేననుకుంటాను. "సార్, ఎర్రచందనం నారు తెచ్చి పొలాల్లో పెంచుతున్నారు కదా. ఎర్రమట్టిలో బాగానే పెరుగుతోంది. మరి సహజంగా ఈ కొండల్లోనే ఎందుకుంది? రాయి అడ్డమైతే పొలంలో ఎట్లా బతుకుతోంది?"

మాస్టారు ఆ ప్రశ్నకు సంతోషపడ్డారు. పొలంలో రైతు ఉన్నాడమ్మా, అన్నారు. కలుపు తీస్తాడు, పక్క చెట్టు నీడ పడకుండా చూస్తాడు. ఎర్రచందనానికి ఎండ కావాలి, వేళ్ళ దగ్గర నీళ్ళు నిలవకూడదు, చాలా నిదానంగా పెరుగుతుంది. సారమున్న నేలలో, రైతు లేనప్పుడు, వేగంగా పెరిగే చెట్లు దాని మీదుగా ఎదిగి నీడ కప్పేస్తాయి. ఈ క్వార్ట్‌జైట్, షేల్ (బురద గట్టిపడి పొరలైన రాయి) వాలుల మీద ఆ వేగం చెట్లు నిలబడలేవు, ఆకలికి చస్తాయి. చిక్కుడు కుటుంబంలోది కాబట్టి ఎర్రచందనం వేళ్ళ బుడిపెల్లోని బాక్టీరియా సాయంతో నత్రజని సంపాదించుకొని నెట్టుకొస్తుంది. మంచి రాయి కాబట్టి ఇక్కడుందని అనుకోవద్దు, మిగతావాళ్ళు రాలేని రాయి కాబట్టి ఉంది. ఇక కొండకూ కొండకూ మధ్య పెన్నా లోయ, చెయ్యేరు లోయ, నల్లరేగడి మైదానాలు. వాటిని దాటి ఇంకో పేద నేలకు చేరడం గింజకు సులువు కాదు. అందుకే ఈ కొండలు చెట్లకు దీవుల్లాంటివి.

నాకు ఇంకో సందేహం ఉండేది. తూర్పు కనుమలు శ్రీకాకుళం దాకా ఉన్నాయి కదా, అక్కడెందుకు లేదు? దానికీ రాయే జవాబు. పేరొకటే గానీ కొండలు రెండు రకాలు. అరకు, పాడేరు వైపు ఖోండలైట్. ఆ రాయికి అక్కడి ఖోండు గిరిజనుల పేరే పెట్టారు. అది భూమి లోతుల్లో ఉడికి పైకొచ్చిన రాయి. వాన తగిలితే మెత్తబడి లోతైన ఎర్రమట్టి అవుతుంది. పైగా అటు వాన ఎక్కువ. కాఫీ పండేది ఆ మట్టిలోనే. గోదావరి, కృష్ణ రెండూ మధ్యలో కోసుకుంటూ పోయాయి. అక్కడి అడవి వేరు, ఇక్కడి అడవి వేరు. స్కూలు పుస్తకంలో ఒకే గీతగా గీసిన తూర్పు కనుమలను ఈ కళ్ళతో ఎవరూ నాకు చూపించలేదు.

మధ్యాహ్నం తలకోన. సుమారు 270 అడుగుల జలపాతం, డిసెంబరు కాబట్టి నీళ్ళు బాగా ఉన్నాయి. లోయలోకి దిగుతుంటే చెట్టు మారిపోయింది. పైన ఆకు రాల్చే ఎండు అడవి, కింద పచ్చటి నీడ. గిల్లతీగ ఒకటి చెట్టు నుంచి చెట్టుకు పాకి, మొదలెక్కడో చివరెక్కడో తెలియకుండా ఉంది. తడి కాలంలో ఇక్కడంతా ఉన్న అడవి, ఎండలు ముదిరాక ఇట్లాంటి కోనల్లో దాక్కుందని ఆ అమ్మాయి చెప్పింది. నిలువు రాతి గోడలు మధ్యాహ్నపు ఎండను ఆపుతాయి, ఊట నీళ్ళు ఆగవు. కానీ జనం విపరీతం. స్పీకర్ల హోరులో ఆమె మాట సగం వినపడలేదు. తలకోనను శనివారం పెట్టినా ఇంతే ఉంటుంది. పనిరోజున ఒక బ్యాచ్ నడిపితే ఎక్కువ డబ్బిచ్చి వచ్చేవాళ్ళు ఉన్నారు, నేను ఇస్తాను.

ఇంకో లోటు. చేతికిచ్చే జాబితాలో చెట్ల పేర్లు లాటిన్‌లో మాత్రమే ఉన్నాయి. పెద్దాయన నోటి నుంచి వచ్చిన తెలుగు పేర్లు, ఏ చెట్టు ఏ రాయి మీద నిలబడిందన్న ఆయన లెక్క అందులో ఎక్కడా లేవు. ఆయన పేరు కూడా కరపత్రంలో వేయలేదు. మాస్టారి పేరు, ఆ అమ్మాయి పేరు ఉన్నాయి. ఇది తప్పు. కొండ సాంబ్రాణి వేరు పగులు వెంట పోతుందని చెప్పింది ఆయన.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. డిగ్రీ చదివే పిల్లలున్నవాళ్ళు తప్పకుండా తీసుకెళ్ళండి. పదేళ్ళలోపు పిల్లలకు నడక ఎక్కువవుతుంది. నవంబరు చివరి నుంచి జనవరి దాకా మంచి సమయం. ఫిబ్రవరి దాటితే ఎండు గడ్డి, నిప్పు భయం. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, క్వార్ట్‌జైట్ అంచులు చెప్పుల్ని కోసేస్తాయి. ఆకు, కాయ, బంక ఏదీ కోయకండి, బ్యాగులో వేసుకోకండి. చెక్‌పోస్టులో నిజంగానే చూస్తారు.

నిర్వాహకులకు ఒక మాట. మీ నడకలో గ్రానైట్ ఉంది, క్వార్ట్‌జైట్ ఉంది, షేల్ ఉంది. నాపరాయి లేదు. జమ్మలమడుగు, గండికోట, బెలుం గుహల వైపు ఒక నడక పెట్టండి. సున్నం నిండిన ఆ నేల మీద ఏ చెట్టు మొలుస్తుంది, ఏది మొలవదు, ఎందుకు అన్నది ఇదే పద్ధతిలో చూపించండి. గనుల్లోకి అనుమతి, టీ, నీళ్ళు నేను చూసుకుంటాను. యానాది పెద్దాయనను మాత్రం తప్పకుండా తీసుకురండి.